మెరైన్ ప్లై అని చెప్పి మామూలు ప్లై అంటగట్టాడు, జాగ్రత్త

మెయిన్ రోడ్డు మీద టింబర్ డిపో ఎదురుగా ఉన్న ఆ ప్లైవుడ్ షాపు వాడికి మాత్రం ఏ పనీ అప్పజెప్పకండి. పేరు రాయను. ఇక్కడి వాళ్లకి చెప్పక్కర్లేదు కూడా, ఇంటీరియర్స్ అని అంత పెద్ద బోర్డు పెట్టుకున్నాడు.

తడి చెత్త డబ్బా, పొడి చెత్త డబ్బా గేటు బయట పెడితే స్వచ్ఛ ఆటో వచ్చేలోపే కుక్కలు పడగొట్టి వీధంతా ఈడుస్తున్నాయి. అందుకని రెండూ పట్టేలా, పైన మూత, ముందు తలుపులు, గడియ పెట్టి ఒక చెక్క పెట్టె చేయమన్నాం. వానలో ఉండేది కదా, నీళ్లకి తట్టుకునే మెరైన్ ప్లైయే వేయాలని మరీ మరీ చెప్పాను. "710 గ్రేడేనమ్మా, ఇరవై ఏళ్లు చూసుకోనక్కర్లేదు" అన్నాడు. ఐఎస్ 710 అంటే మెరైన్ ప్లైకి ఉండే ప్రమాణం నంబరు. 14 వేలు తీసుకున్నాడు.

ఇరవై ఏళ్లు కాదు కదా, జూన్‌లో మొదటి వానలకే తలుపుల అడుగు ఉబ్బి గడియ పడటం మానేసింది. వేరే వడ్రంగిని పిలిస్తే కింది అంచుని గోటితో గీరాడు. అంతే, పూతరేకుల్లా పొర మీద పొర లేచి చేతికొచ్చింది. అంచులకి ప్రైమర్ కూడా కొట్టలేదు. బయటికి కనపడే వైపు మాత్రం పెయింట్ నిగనిగలాడుతోంది!

ఆ ముక్క పట్టుకుని షాపుకి వెళ్లాను. కౌంటర్ దగ్గర వేరే కస్టమర్లున్నారు. ఓనర్ ముక్కని ముట్టుకోను కూడా లేదు. ఫోన్ చూసుకుంటూనే, "చెత్తబుట్టలు పెట్టుకోడానికి మెరైన్ ప్లై ఎవరు వేస్తారమ్మా?" అన్నాడు. మరి మెరైన్ రేటు ఎందుకు తీసుకున్నారని అడిగితే, "బిల్లులో మెరైన్ అని ఎక్కడుందో చూపించండి" అన్నాడు. చూపించడానికి ఏముంది? తెల్లకాగితం మీద పెన్నుతో "ప్లై వర్క్ 14,000" అని గీకి ఇచ్చాడు. జీఎస్టీ బిల్లు అయితే 18 శాతం ఎక్స్‌ట్రా పడుతుందమ్మా, మీకెందుకు దండగ అని ఆ రోజు ఎంత ప్రేమగా చెప్పాడో! నాకు రెండున్నర వేలు మిగిల్చిన పుణ్యాత్ముడు. నేనేమో దానికి థాంక్స్ కూడా చెప్పి వచ్చాను. పక్కనున్న కుర్రాడు కిసుక్కున నవ్వాడు. ఒళ్లు మండిపోయింది.

ఇంటికొచ్చి ఆ తలుపులోంచే ఇంకో ముక్క కోసి మరిగే నీళ్లలో వేశాను. మొత్తం విడిపోయింది. అసలు 710కి పెట్టే పరీక్షలో 72 గంటలు మరిగించినా పొరలు ఊడకూడదు.

ఎవరైనా చేయించుకుంటుంటే, షీటు కోయకముందే దాని మీద ఐఎస్ 710 ముద్ర, సీఎం/ఎల్ నంబరు (తయారీదారు లైసెన్సు నంబరు) ఫోటో తీసుకోండి. ఐఎస్ఐ మార్కు ఇచ్చే ప్రభుత్వ సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే లైసెన్సు ఎవరిదో వస్తుంది. కోసి పెయింట్ వేశాక ఇక చూసేదేం ఉండదు. బిల్లులో గ్రేడు రాయించుకోండి. ఆ షాపుకి ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చిన వాళ్లుంటే, ముద్ర చూపించే దాకా ఇంకో రూపాయి ఇవ్వకండి.