పంతులమ్మ గారి కొట్టు: చోడి మాల్టు, బెల్లం ఆవకాయ, వాటి వెనుక ఉన్న కుటుంబం

చీపురుపల్లి నుంచి రాజాం వెళ్లే దారిలో, రోడ్డుకు కొంచెం లోపలగా ఉన్న ఒక ఊరిలో, పదవీ విరమణ చేసిన ఒక గృహవిజ్ఞాన ఉపాధ్యాయురాలు తమ పెంకుటింటి అరుగునే కొట్టుగా మార్చుకుని, ఇంటిల్లిపాదితో కలిసి చోడి (రాగి) మాల్టు, ఆవకాయలు, వడియాలు, పొడులు తయారుచేసి అమ్ముతున్నారు. కొట్టుకు బోర్డు లేదు. ఊరివారు పంతులమ్మ గారి కొట్టు అంటారు కనుక నేనూ అలాగే రాస్తున్నాను. పసిబిడ్డ కోసం మాల్టు తెచ్చుకోవడంతో మొదలుపెట్టిన మేము ఇప్పుడు ఏడాది పొడుగునా అక్కడి సరుకే వాడుతున్నాము. మూడు దశాబ్దాలకు పైగా తరగతి గదిలో చెప్పిన పాఠాన్ని ఆమె తన వంటింట్లో ఒక్క మెట్టు కూడా తగ్గించకుండా ఆచరించడమే ఈ సరుకు నాణ్యతకు కారణమని నా అభిప్రాయం.

కొట్టుకు పేరు తెచ్చినది మాల్టు. ఆమె భర్త తమ మెట్టలో పండించిన చోళ్లనే దీనికి వాడతారు. గింజలను రాత్రంతా నానబెట్టి, నీరు వార్చి, తడిగుడ్డలో మూటకట్టి, మొలకలు బాగా వచ్చాక ఎండబెట్టి, మొలకల పోగులు రాలిపోయేలా నలిపి చెరిగి, సన్నని సెగ మీద కొద్దిగా వేయించి మరపట్టిస్తారు. మొలకెత్తించని పిండికి పంచదార కలిపి మాల్టు పేరుతో అమ్మే పొట్లాలు కూడా బజారులో దొరుకుతాయి. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించాక చోడిపిండికి ప్రచారం పెరిగింది గాని, తయారీలో ఈ శ్రద్ధ అందరికీ అలవడలేదు. తేడా జావ కాచినప్పుడు తెలుస్తుంది. మొలకెత్తే గింజలో తయారయ్యే అమైలేజ్ అనే ఎంజైము పిండిపదార్థాన్ని విడగొడుతుంది కాబట్టి, మామూలు పిండితో గరిటెకు అంటుకునేంత చిక్కబడే జావ ఈ మాల్టుతో జారుగానే ఉంటుంది. పసిబిడ్డ పొట్ట చిన్నది గనుక, చిక్కని జావను నీళ్లతో పలుచన చేస్తే గిన్నెలో బలం తగ్గిపోతుంది. మాల్టుతోనైతే అదే గిన్నెలో ఎక్కువ పిండి ఇమిడి, మింగడానికీ తేలికవుతుంది. వేయించేటప్పుడు సెగ పెరిగితే ఈ గుణం పోతుందని ఆమె కోడలికి పదే పదే చెప్పడం నేను విన్నాను. ఇక 100 గ్రాముల చోళ్లలో కాల్షియం 300 మిల్లీగ్రాములకు పైగా ఉంటే, పాలిష్ బియ్యంలో అది 10 మిల్లీగ్రాముల దరిదాపుల్లోనే ఉంటుంది. పొట్లానికి అంటించే చీటీలో మరపట్టించిన తేదీ, కాచే పద్ధతితో పాటు, ఆరు నెలలు నిండని బిడ్డకు తల్లిపాలు తప్ప మరేదీ వద్దన్న హెచ్చరిక కూడా ఆమె చేతిరాతలోనే ఉంటుంది.

కొనేవారిని ఆమె ముందుగా అడిగేది ఇంట్లో ఎవరి కోసమని. షుగరు ఉన్న మా పెద్దనాన్న గారికి మాల్టు కావాలంటే ఆమె ఇవ్వలేదు. "జావగా తాగితే షుగరు తొందరగా పెరుగుతుంది బాబూ, మొలకెత్తించని పిండితో రొట్టె చేసి, ఆకుకూరతో తినమనండి" అని చెప్పి, మామూలు చోడిపిండి తూచి ఇచ్చారు. అమ్మకం కంటే తినేవారి ఆరోగ్యాన్ని ముందు పెట్టే ఇటువంటి కొట్టు మా ప్రాంతంలో నాకు మరొకటి తెలియదు.

బెల్లం ఆవకాయ మాత్రం ఆమె అత్తగారి చలువ. బడి ముఖం చూడని ఆ పెద్దావిడ గుప్పెళ్లతో, సోలతో, గిద్దతో కలిపేవారు. కొత్త కోడలిగా వచ్చిన పంతులమ్మ గారు ఆ గుప్పెడు ఆవపిండినీ, గుప్పెడు ఉప్పునూ జాడీలో పడకముందే కాటాలో తూచి, కొలతలన్నీ ఒక పుస్తకంలో రాసుకున్నారట. ఇప్పుడు ఆమె కోడలు ఆ పుస్తకం ప్రకారమే కలుపుతుంది, అయినా పెద్దావిడ రుచి చూడనిదే ఏ జాడీకీ వాసెన కట్టరు. హైడ్రోస్ అనే రసాయనం వేసి తెల్లబరచిన బెల్లాన్ని వారు ముట్టరు. అందుకే పాకం నల్లగా కనిపిస్తుంది, ముక్క మాత్రం ఏడాది గడిచినా గట్టిగా ఉంటుంది. ఉప్పు తగ్గించి చేయమని అడిగితే పంతులమ్మ గారు ఒప్పుకోలేదు. ఉప్పూ బెల్లమూ కలిసి ముక్కలోని తడిని బూజుకు అందకుండా పట్టి ఉంచుతాయనీ, ఉప్పు తక్కువ కావలసినవారు ఆవకాయే తక్కువ వేసుకోవాలనీ ఆమె సమాధానం. అది సరైన సమాధానమే.

ధర బజారు కంటే ఎక్కువ. ఎందుకని అడిగితే కోడలు లెక్కల పుస్తకం తెరిచి చూపించింది. చోళ్లు, నూనె, కట్టెలు, మరపట్టిన కూలితో పాటు పంతులమ్మ గారు, తాను, పెద్దావిడ పనిచేసిన గంటలకు కూడా అందులో కూలి కట్టి ఉంది. పెద్దావిడ ముక్కలు తుడిచినందుకు వచ్చే కూలి నెల నెలా ఆమె పేరుతోనే జమవుతుంది. ఇంటి ఆడవారి పనికి విలువ కట్టాలని తరగతిలో ఆడపిల్లలకు చెప్పిన మాటను సొంత ఇంట్లో అక్షరాలా అమలు చేసిన కుటుంబం ఇది. విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్న కొడుకు పట్నంలో కొట్టు తీద్దామంటే, పెద్దావిడను అరుగు నుంచి కదిలించడం ఇష్టం లేక వద్దన్నారట. పంతులమ్మ గారి దగ్గర చదువుకుని అంగన్‌వాడీల్లో పనిచేస్తున్న స్త్రీలు ఇప్పటికీ సందేహాలు తీర్చుకోవడానికి అక్కడికి వస్తుంటారు. ఆ మాటలు వింటూ నిలబడడం నాకెంతో ఇష్టం.

లోపాలూ చెప్పాలి. గుమ్మడి వడియాల్లో ఉప్పు నిజంగానే ఎక్కువ; వేయించాక అది మరింత తెలుస్తుంది. కారప్పొడి, కందిపొడి బాగానే ఉంటాయి గాని ప్రత్యేకత లేదు. మాల్టును పలుచని పాలిథిన్ కవరులో ఇస్తారు, వానాకాలంలో అది చెమ్మ పట్టి ఉండకడుతుంది. ఇంత జాగ్రత్తగా చేసిన పిండికి మంచి కవరు వాడకపోవడం నాకు బాధగా ఉంది, ఆ మాట వారితోనూ చెప్పాను. ఆషాఢం నుంచి ఎండ సరిగా ఉండదు కనుక మాల్టు, వడియాలు తరచూ నిండుకుంటాయి. పార్సిలు పంపే ఏర్పాటు లేదు. మధ్యాహ్నం కొట్టులో కూర్చునే భర్త ధరలు తప్ప వివరాలు చెప్పలేరు, కాబట్టి సలహా కావలసినవారు ఉదయమే వెళ్లడం మంచిది. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా వెంట తీసుకువెళితే మాల్టును అందులోనే తూచి ఇస్తారు. కొత్త ఆవకాయ కావలసినవారు మామిడికాయలు కోతకు రాకముందే పేరు రాయించుకోవాలి.