ఓక్లాండ్ ఫాక్స్ థియేటర్: నేలా, బాల్కనీయా?

ముందే చెప్పేస్తాను, తర్వాత నన్ను తిట్టుకోవద్దు. శాన్ ఫ్రాన్సిస్కో పక్కన ఓక్లాండ్‌లో ఉన్న ఈ కచేరీ హాల్లో చాలా షోలకు కింద కుర్చీలుండవు. నిలబడాలి. మొదట వాయించే చిన్న బ్యాండు, ఆ తర్వాత సామాన్లు మార్చే అరగంట, ఆ తర్వాత అసలు వాళ్లు, అన్నీ కలిపి మూడు గంటలు దాటుతుంది.

2009లో మొదటిసారి వెళ్లినప్పుడు నాకీ సంగతి తెలియదు. టికెట్ మీద ‘జనరల్ అడ్మిషన్’ అని ఉంటే, నంబర్లు లేని సీట్లు కాబోలు, ముందు వెళ్లినవాళ్లకి ముందు సీటు అనుకున్నాను. మా ఆవిడ కొత్త హీల్స్ వేసుకుని వచ్చింది. తిరుగు ప్రయాణంలో రైలెక్కగానే చెప్పులు చేతిలో పట్టుకుని కూర్చుంది. ఫ్రీమాంట్ వచ్చేదాకా ఒక్క మాట లేదు. ప్లాట్‌ఫామ్ మీద దిగాక మాత్రం, ‘అమెరికా తీసుకొచ్చి నేల టికెట్ కొన్నావు’ అంది. మా ఊరి టూరింగ్ టాకీస్‌లో నేల టికెట్ అంటే ఇసుక పోగుచేసుకుని దాని మీద కూర్చోవడం. అందులో కనీసం కూర్చోవడమైనా ఉంది.

అప్పటినుంచి ఇప్పటిదాకా లెక్క పెట్టలేదు గానీ నలభై షోలకు తక్కువుండవు. మూడు ఉద్యోగాలు మారాను, పాప పుట్టింది, జుట్టు నెరిసింది. ఈ సమీక్ష ఒక్క రాత్రి చూసి రాసింది కాదు.

పంతొమ్మిదో వీధి బార్ట్ రైలు స్టేషన్‌లో దిగి మెట్లెక్కితే రెండు మూడు నిమిషాల నడక. టెలిగ్రాఫ్ అవెన్యూలోకి తిరగగానే నిలువుగా ‘ఓక్లాండ్’ అన్న అక్షరాల బోర్డు వెలుగుతూ కనిపిస్తుంది, దాని వెనక పైన ఒక గుమ్మటం. మొదటిసారి చూసినవాళ్లెవరూ దీన్ని సినిమా హాలనుకోరు. మసీదా, గుడా, ఏ నవాబు గారి దివాణమా అని ఒక్క క్షణం ఆగిపోతారు. తప్పు వాళ్లది కాదు. కట్టినవాళ్లే ఆ మూడూ కలిపారు. వీక్స్ అండ్ డే అని శాన్ ఫ్రాన్సిస్కోలో పేరున్న ఆర్కిటెక్టులు. నాబ్ హిల్ మీది మార్క్ హాప్కిన్స్ హోటలూ వాళ్లు కట్టిందే. ఈ హాలుకి మొదట ‘బాగ్దాద్’ అని పేరు పెడదామనుకున్నారట. చివరికి ఫాక్స్ అయింది. 1928 అక్టోబరు 27న తలుపులు తెరిచారు. అప్పటికి మన తెలుగు సినిమాకి ఇంకా మాటలు రాలేదు.

లోపలికి వెళితే స్టేజీకి అటూ ఇటూ గోడల్లో రెండు పెద్ద విగ్రహాలుంటాయి. బంగారు పూత, కూర్చున్న భంగిమ. చూడ్డానికి మన దేవుళ్లలాగే ఉంటారు గానీ ఏ దేవుడో చెప్పలేం. ఒకసారి మా నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు, కింద కూడా కుర్చీలు వేసిన ఒక గిటార్ కచేరీ దొరికితే తీసుకెళ్లాను. ఆయన రిటైరైన హైస్కూల్ మాస్టారు. బయట బోర్డు చూసి, ‘ఫాక్స్ అంటే నక్కేగా, నక్క పేరుతో హాలేమిట్రా’ అన్నారు.

‘నక్క కాదు నాన్నా, మనిషి పేరు. విలియం ఫాక్స్.’

లోపల కూర్చున్నాక విగ్రహాల వంక చాలాసేపు చూసి, ‘ఎవర్రా వీళ్లు?’ అన్నారు.

‘దేవుళ్లు కాదులే నాన్నా, ఊరికే అలంకారం.’

అంతలో లైట్లు ఆర్పారు. హాలంతా చీకటై ఆ విగ్రహాల కళ్లు మాత్రం మిణుకుమన్నాయి. నాన్న నా మోచేయి పట్టుకుని, ‘అలంకారమైతే కళ్లెందుకురా వెలుగుతున్నాయి?’ అన్నారు. ఆ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. కచేరీ ఎలా ఉందని ఫోన్లో అమ్మ అడిగితే, ‘పాటలు నాకు తెలియలేదు గానీ హాలు దివ్యంగా ఉంది’ అని చెప్పారు. ఆ హాలు కట్టినవాళ్లకి కావలసింది అదే. ఆ రోజుల్లో సినిమా కంపెనీలకే సొంత హాళ్లుండేవి. లోపలికి అడుగుపెట్టిన గుమస్తా, ఫ్యాక్టరీ కూలీ ఆ రెండు గంటలూ రాజావారి కొలువులో కూర్చున్నట్టు అనుకోవాలి. తెర మీద బొమ్మ బాగాలేకపోయినా పైకప్పు చూసుకుంటూ కాలక్షేపం చేసేయొచ్చు. నేనూ రెండు మూడు సార్లు ఆ పనే చేశాను.

ఆ విలియం ఫాక్స్ కథ మరో రకం. హంగరీలో పుట్టి, న్యూయార్క్‌లో చిన్న చిన్న సినిమా కొట్లతో మొదలుపెట్టి దేశమంతా హాళ్లు పరుచుకున్నాడు. 1929లో షేర్ మార్కెట్ కుప్పకూలింది, 1930లో సినిమా కంపెనీ ఆయన చేతిలోంచి పోయింది. గోడ మీద పేరు మాత్రం మిగిలింది.

హాలు కష్టాలు ఆ తర్వాతివి. స్టూడియోలు సొంత హాళ్లు వదులుకోవాల్సి వచ్చేలా 1948లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఇళ్లలోకి టీవీ వచ్చింది. ఊరి నడిబొడ్డున ఉండేవాళ్లు శివార్లలో ఇళ్లు కొనుక్కుని వెళ్లిపోయారు. 3,000 మందికి పైగా పట్టే హాల్లో వంద మంది కూర్చుంటే కరెంటు బిల్లుకే చాలదు. 1960లలో మూసేశారు. అలా నలభై ఏళ్లకు పైగా మూతపడే ఉంది. పైకప్పు కారి, గచ్చు పెచ్చులూడి, కూలగొట్టి కార్ల పార్కింగ్ చేద్దామన్న మాట కూడా వచ్చిందట. 1978లో మారియో, ఎర్మా డెలూకీ అనే దంపతులు దీన్ని 3,40,000 డాలర్లకు కొన్నారు. వాళ్లు దీన్ని నడపలేకపోయారు గానీ, కూలిపోకుండా ఆగింది వాళ్ల వల్లే. మరుసటి ఏడాది జాతీయ చారిత్రక స్థలాల జాబితాలోకి ఎక్కింది. 1996లో నగరం వాళ్లు 30 లక్షల డాలర్లకు తీసుకున్నారు. ఆ తర్వాత ఫ్రెండ్స్ ఆఫ్ ది ఓక్లాండ్ ఫాక్స్ అని స్థానికులు ఒక సంఘం పెట్టుకుని చందాలు పోగుచేశారు. ముందు బయటి దీపాలు వెలిగించారు. లోపల ఏమీ లేకపోయినా వీధికి వెలుగొచ్చింది.

మా ఊళ్లో హాలు మూతపడితే ఏమవుతుందో మీకు తెలుసు. కల్యాణ మంటపమో, వడ్ల గోడౌనో. నేను పదో తరగతి పరీక్షల ముందు రోజు దొంగచాటుగా సినిమా చూసిన హాల్లోనే మా బాబాయి కొడుకు పెళ్లయింది. తెర ఉండే చోట పీటలు వేశారు. ప్రొజెక్టర్ గది కన్నం మాత్రం అలాగే ఉంది, అందులోంచి వీడియోవాడు కెమెరా పెట్టాడు.

ఫాక్స్ 2009 ఫిబ్రవరి 5న మళ్లీ తెరుచుకుంది, సినిమా హాలుగా కాదు, కచేరీ హాలుగా. హాలును చుట్టుకుని ఉన్న గదుల్లోకి ఓక్లాండ్ స్కూల్ ఫర్ ది ఆర్ట్స్ వచ్చింది, జెర్రీ బ్రౌన్ ఇక్కడ మేయర్‌గా ఉన్నప్పుడు పెట్టిన బడి. సాయంత్రం కాస్త ముందుగా వెళితే వయొలిన్ పెట్టెలు భుజాన వేసుకుని పిల్లలు బయటికొస్తూ కనిపిస్తారు. నన్నడిగితే ఈ మరమ్మతులో అన్నిటికంటే తెలివైన పని అదే. కచేరీ రాత్రిపూట, అదీ కొన్ని రోజులే. మిగతా వేళల్లో పెద్ద భవనం ఖాళీగా పడుంటే మళ్లీ పాడవుతుంది. పిల్లలుంటే పగలూ మనిషి అలికిడి ఉంటుంది.

ఇక కుర్చీల సంగతి. చాలా ఏళ్లు ఇది నాకు మింగుడు పడలేదు. ఇంత డబ్బు పోసి, గోడ మీద ప్రతి పువ్వుకూ రంగు వేయించి, కింద కుర్చీలు పీకేస్తారా? ఐదు నిమిషాల నడక దూరంలో బ్రాడ్వే మీద పారామౌంట్ థియేటర్ ఉంది. 1931లో తెరిచారు, టిమొతీ ఫ్లూగర్ కట్టింది. 1970లలో ఓక్లాండ్ సింఫనీ వాళ్లు దాన్ని కొని అచ్చం పాతదానిలా బాగుచేశారు, తర్వాత నగరానికి ఒక్క డాలరుకు ఇచ్చారు. అక్కడ నేల మీద తివాచీ, మెత్తటి సీట్లు, కింద నుంచి పైదాకా ఆర్ట్ డెకో, అంటే ఆ కాలపు అలంకార శైలి. అందంలో పోటీ పెడితే నా ఓటు పారామౌంట్‌కే. అక్కడికి వెళ్లేటప్పుడు ఇస్త్రీ చొక్కా వేసుకుంటాను, గొంతు తగ్గించి మాట్లాడతాను.

ఫాక్స్‌లో గొంతు తగ్గించేవాడు లేడు. కింద వెడల్పాటి మెట్లలా అంచెలంచెలుగా నేల, దాని మీద చెమటలు కక్కుతూ జనం. కుర్చీలు తీసేశారు కాబట్టే ఇరవై ఏళ్లవాళ్లు వస్తున్నారు. వాళ్లు వస్తున్నారు కాబట్టే వాళ్లకి కావలసిన బ్యాండ్లు వస్తున్నాయి, ఆ డబ్బుతోనే కదా పైకప్పు కారకుండా నిలబడేది. ఇది నాకు ఒక పెద్దావిడ వల్ల బుర్రకెక్కింది. బాల్కనీలో పక్క సీటు. డెబ్బై దాటి ఉంటాయి. చిన్నప్పుడు శనివారాలు అన్నయ్యతో ఇక్కడికి సినిమాలకి వచ్చేదట. ఆ కుర్చీలు పోయినందుకు బాధగా లేదా అని అడిగాను. ఆవిడ కిందికి చూసి, కుర్చీలున్నప్పుడు సగం ఖాళీగా ఉండేవి బాబూ అన్నట్టు చెయ్యి ఊపి, మళ్లీ పైకప్పు చూడ్డంలో పడిపోయింది. ఆ రాత్రి స్టేజీ వంక ఆవిడ ఎన్నిసార్లు చూసిందో లెక్క పెట్టొచ్చు.

మన లెక్క ప్రకారం బాల్కనీ గొప్ప, నేల చవక. ఇక్కడ నేను వెళ్లిన చాలా షోలకు రెండిటికీ ఒకే ధర, పైగా కుర్రాళ్లు పోటీపడేది నేల కోసమే. మధ్యాహ్నం నుంచే క్యూ కడతారు. కాబట్టి నలభై దాటినవాళ్లకి నా సలహా: వాళ్లు నేల కోసం పరిగెడుతుంటే మీరు నింపాదిగా మెట్లెక్కి బాల్కనీ ముందు వరసలు పట్టండి. విగ్రహాలు, పైకప్పు, స్టేజీ అన్నీ ఒక్క చూపులో పడతాయి. నేల మీదే ఉండాలనుకుంటే మరీ ముందుకి పోకండి, సౌండ్ బోర్డు (సౌండు సరిచేసేవాళ్ల బల్ల) దగ్గర మెట్టు అంచున నిలబడండి. అక్కడ ముందు మెట్టు కిందికి ఉంటుంది కాబట్టి ఆరడుగులవాడు ఎదురొచ్చినా కొంత కనిపిస్తుంది. అయిదడుగుల రెండంగుళాల మా ఆవిడ కనిపెట్టిన చోటు అది. బాల్కనీ కిందకి మరీ వెనక్కి పోతే పైకప్పు కనిపించదు, బేస్ గుండెల్లో దడదడలాడుతుంది. ఇలాంటి పాత హాళ్లన్నిటిలో అంతే. చెవుల్లో పెట్టుకునే నురుగు బిళ్లలు జేబులో వేసుకెళ్లండి. నేను ఆలస్యంగా నేర్చుకున్నాను, ఎడమ చెవిలో గుయ్యిమనే మోత ఇప్పుడు నాతోనే ఉంటోంది.

కారు వద్దు. ఒకసారి వానని కారేసుకెళ్లి దగ్గర్లో ఒక పార్కింగ్ లాట్‌లో పెట్టాను. తిరిగొచ్చేసరికి వెనక అద్దం పగిలి సీటంతా గాజు పెంకులు. పోయింది పాప స్కూలు బ్యాగు, అందులో సగం తిన్న పులిహోర డబ్బా. ఎత్తుకెళ్లినవాడి మొహం ఊహించుకుని నవ్వుకున్నాం గానీ అద్దానికి మూడు వందలు వదిలాయి. రైలైతే ఒకటే టెన్షన్, చివరి బండి. అర్ధరాత్రి దగ్గరపడ్డాక ఇంకో పాట, ఇంకో పాట అంటుంటే వాచీ చూసుకుంటూ వినాలి. రెండుసార్లు చివరి పాట వదిలేసి పరిగెత్తాను, రెండుసార్లూ మర్నాడు తిట్టుకున్నాను.

రీసేల్ సైట్లలో కొనకండి. ఒకదాంట్లో కొంటే గేటు దగ్గర స్కాన్ కాలేదు. అదే టికెట్ అప్పటికే ఇంకెవరో వాడేశారు. ఆ రాత్రి రోడ్డు అవతల నిలబడి, గోడలోంచి వచ్చిన రెండు పాటలు విని ఇంటికొచ్చాను.

2020 మార్చి తర్వాత ఏడాదికి పైగా అన్ని హాళ్లతోపాటు ఇదీ మూతపడింది. ఒక ఆదివారం పని మీద అటు వెళితే తలుపులకి తాళాలు, ముందు ఎండిన ఆకులు. నలభై ఏళ్లు ఇలాగే ఉండేదేమో కదా అని మా ఆవిడ అంది. నేను కారు ఆపలేదు.

ఇప్పుడు పాపకి పదిహేను. పోయిన నెల దాని స్నేహితురాలితో కలిసి నేల మీద, నేను బాల్కనీ రెండో వరసలో. ‘నాన్నా, నువ్వు పైనే ఉండు, కిందికి చూసి చెయ్యి ఊపకు’ అని షరతు. లైట్లు ఆరాయి, విగ్రహాల కళ్లు వెలిగాయి. రెండు వేల తలల్లో ఎర్ర రిబ్బన్ ఉన్న తల ఎక్కడుందో కనుక్కోవడానికి మూడు పాటలు పట్టింది. చెయ్యి ఊపలేదు. వచ్చే నెల షోకి నిన్ననే బుక్ చేశాను. నేల రెండు, బాల్కనీ రెండు. మా ఆవిడ ఈసారి హీల్స్ వేసుకుంటానంటోంది.