టీచింగ్ ప్రాక్టీసు మినహాయించిన కళాశాలలో రెండేళ్ల డిప్లొమా

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ స్పెషల్ ఎడ్యుకేషన్ డిప్లొమా చదవాలనుకునే ఉపాధ్యాయులకు పనికి వస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. కళాశాల పేరు రాయడం లేదు. అక్కడి అధ్యాపకుల మీద నాకు గౌరవం ఉంది, పైగా నేను చెప్పబోయే లోపం ఆ ఒక్క కళాశాలతో పోయేది కాదు. దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక ప్రైవేటు పాఠశాలలో ఆరేళ్లు మూడో తరగతికి పాఠాలు చెప్పాక, మేధో వైకల్యం విభాగంలో డీఎడ్ స్పెషల్ ఎడ్యుకేషన్‌లో చేరాను. నా తరగతిలో ఇద్దరు పిల్లలు ఏడాది పొడవునా వెనక బెంచీలో బొమ్మలు గీసుకుంటూ కూర్చోవడం, వారికి ఏం చేయాలో నాకు తెలియకపోవడం అందుకు కారణం. ఆ కళాశాలనే ఎంచుకోవడానికి మాత్రం ఆఫీసులో విన్న ఒక మాట కారణం: “మీకు సర్వీసు ఉంది కదా మేడమ్, మీ హెడ్మిస్ట్రెస్ దగ్గర అనుభవ ధ్రువపత్రం తెచ్చుకుంటే టీచింగ్ ప్రాక్టీసు మినహాయిస్తాం.” సూపర్‌వైజర్ చూస్తుండగా బడిలో పాఠాలు చెప్పే ఆ శిక్షణకు సెలవు పెట్టక్కర్లేదు, జీతం కోత లేకుండా చదువు పూర్తవుతుందంటే ఆ రోజు నాకు కొండంత ఊరట కలిగింది.

ముందు మంచి చెప్పాలి. థియరీ తరగతులు బాగా జరిగాయి. వైకల్యాల గురించి చెప్పిన మేడమ్ 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాలను బట్టీ పట్టించకుండా, ఒక్కొక్క దానికి తాను చూసిన పిల్లల ఉదాహరణలతో వివరించేవారు. పిల్లల ప్రస్తుత స్థాయిని అంచనా వేసే ఎఫ్‌ఏసీపీ పట్టికను ఎలా నింపాలో, దాని ఆధారంగా వ్యక్తిగత విద్యా ప్రణాళిక, అంటే ఐఈపీ, ఎలా రాయాలో ఓపికగా నేర్పారు. ఆ పట్టికను తయారుచేసిన సంస్థ మన సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోనే ఉంది. మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984లో మొదలైన ఆ జాతీయ సంస్థను ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు. మొదటి సంవత్సరంలో రెండు రోజులు ఒక ప్రత్యేక పాఠశాలకు తీసుకెళ్లి, తరగతులను వెనక కూర్చుని చూడనిచ్చారు. ఫీజు విషయంలోనూ, హాల్ టికెట్ల విషయంలోనూ ఎవరూ ఇబ్బంది పెట్టలేదు.

ప్రాక్టీసు మాటకు వస్తే, మినహాయింపు అంటే, చెప్పిన పాఠాలను రాసి చూపే రికార్డు కూడా ఉండదనుకున్నాను. కానీ రికార్డు ఉంది, పాఠం ఒక్కటే లేదు. నలభై లెసన్ ప్లాన్లు ఇంట్లో కూర్చుని రాశాను. ప్రతి పేజీ చివర సూపర్‌వైజర్ అభిప్రాయం రాసే గడి ఉంటుంది. రెండో సంవత్సరం చివర ఒక మధ్యాహ్నం ఆ నలభై గడులూ ఒకే ఆకుపచ్చ ఇంకుతో “బాగుంది” అని నిండిపోయాయి. ఇంటికి వచ్చి తిరగేస్తే, నేను వేసిన తేదీల్లో ఒకటి రెండో శనివారం అని తెలిసింది. మా బడికి ఆ రోజు సెలవు. నా కళ్లెదుటే జరుగుతున్నా నేను అడ్డు చెప్పలేదు కాబట్టి ఇందులో నా తప్పు కూడా ఉంది.

డిప్లొమా చేతికి వచ్చాక ఆర్‌సీఐలో, అంటే భారత పునరావాస మండలిలో, పేరు నమోదై, నంబరు వచ్చింది. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం ప్రకారం ఆ నంబరు లేకుండా ప్రత్యేక ఉపాధ్యాయులుగా పనిచేయడం శిక్షార్హం. అంటే ఆ నంబరు చూసిన తల్లిదండ్రులు, ఈమె పిల్లల దగ్గర కూర్చుని, పెద్దల పర్యవేక్షణలో నేర్చుకుని వచ్చిందని నమ్ముతారు. మల్కాజిగిరి వైపు ఒక ప్రత్యేక పాఠశాలలో చేరిన మొదటి వారంలోనే నాకు ఆ నమ్మకం బరువు తెలిసింది. తొమ్మిదేళ్ల బాబుకు చొక్కా గుండీ పెట్టుకోవడం నేర్పాలి. ఆ పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి కాగితం మీద చక్కగా రాసుకున్నాను. ఎదురుగా కూర్చుని “పట్టుకో నాన్నా” అంటూనే వాడి వేళ్లను నా వేళ్లతో గుండీ దగ్గరికి తీసుకెళ్లాను. నాలుగు రోజులు అలాగే గడిచాయి. ఐదో రోజు నా వెనక నిలబడి చూసిన సీనియర్ టీచరు, “మీ చెయ్యి వాడికంటే ముందు వెళ్తోందమ్మా. చెప్పాక మనసులో మూడు లెక్కపెట్టండి,” అన్నారు. లెక్కపెట్టాను. రెండు దగ్గరికి రాగానే బాబు చెయ్యి తనంతట తానే లేచి గుండీ మీదికి వచ్చింది.

ఆరేళ్ల సర్వీసు నాకు ఈ సంగతి నేర్పలేదు. నిజానికి అది దీనికి ఎదురు అలవాటు చేసింది. నలభై మంది ఉన్న తరగతిలో సిలబస్ పూర్తి చేయాలి కాబట్టి, ఆలస్యమయ్యే పిల్లవాడి జవాబును మనమే చెప్పేసి ముందుకు వెళ్తాం. ఆ తొందర నా చేతుల్లోకి దిగిపోయిందని నాకు తెలియదు, హెడ్మిస్ట్రెస్ ఇచ్చిన ధ్రువపత్రానికీ తెలియదు. పక్కన నిలబడి చూసే మనిషికి మాత్రమే అది కనిపిస్తుంది.

మినహాయింపులు ఎందుకు వస్తున్నాయో నాకు తెలుసు. ప్రాథమిక స్థాయిలో ప్రతి పదిమంది దివ్యాంగ విద్యార్థులకు, ఆపై తరగతుల్లో ప్రతి పదిహేను మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని, సుప్రీంకోర్టు 2021లో ఇచ్చిన తీర్పు తర్వాత, కేంద్ర ప్రభుత్వం 2022లో నిర్దేశించింది. తెలంగాణలో 2024 డీఎస్సీలోనూ ప్రత్యేక ఉపాధ్యాయుల పోస్టులు వచ్చాయి. మనుషులు కావాలి, త్వరగా కావాలి. జీతం వదులుకుని నెలల తరబడి ప్రాక్టీసు చేయమంటే ఇల్లు గడవని వారు ఎందరో ఉన్నారు. ప్రత్యేక పాఠశాలలోనే ఏళ్ల తరబడి సహాయకురాలిగా పనిచేసిన వ్యక్తిని మళ్లీ మొదటి నుంచి ప్రాక్టీసు చేయమనడం నాకూ న్యాయంగా తోచదు. అలాంటి వారికి గంటలు తగ్గించవచ్చు, వారి సొంత తరగతినే ప్రాక్టీసుగా లెక్కించవచ్చు, కానీ ఎవరో ఒకరు వచ్చి ఆ తరగతిని చూడాలి. ఉపాధ్యాయుల కొరత ఉన్న అమెరికాలో కూడా, ప్రత్యామ్నాయ మార్గంలో స్పెషల్ ఎడ్యుకేషన్ లైసెన్సు కోసం వచ్చే వారు తరగతి తీసుకుంటూనే చదవవచ్చు గాని, ఆ కాలమంతా గట్టి పర్యవేక్షణ ఉండాలనీ, అది మూడేళ్లకు మించకూడదనీ వారి కేంద్ర నిబంధన చెబుతోంది.

కాబట్టి నా అంచనా ఇది: థియరీకి ఐదుకు నాలుగు ఇస్తాను, ప్రాక్టీసుకు ఒకటి. ఆ ఒకటి కూడా మొదటి సంవత్సరం చూపించిన రెండు రోజులకే. ఎక్కడ చేరినా అడ్మిషన్ రోజునే, ప్రాక్టీసు ఏ పాఠశాలలో, సూపర్‌వైజర్ ఎవరు, నా పాఠాన్ని ఎన్నిసార్లు స్వయంగా వచ్చి చూస్తారు అని అడగండి. “సర్వీసు ఉంది కదా” అని జవాబు వస్తే, కనీసం మీ బడికే వచ్చి చూడమని రాతపూర్వకంగా కోరండి. గత నెల మా కళాశాల ప్రిన్సిపాల్ గారిని కలిసి ఇదే అడిగాను. ఉద్యోగం చేసుకునే విద్యార్థుల కోసం శనివారాల్లో సూపర్‌వైజర్లను పంపే విషయం పరిశీలిస్తామని చెప్పారు. పంపితే ఈ సమీక్షను సవరిస్తాను.