ఆఫర్ లెటర్ పక్కన మెట్రో కార్డు: బెంగళూరు నమ్మ మెట్రోపై ఒక ఉద్యోగార్థి సమీక్ష

మా వారికి జయనగర్‌లోని బ్యాంకు శాఖకు బదిలీ కావడంతో 2025 ఆగస్టు చివర్లో మేము మదనపల్లె నుంచి బెంగళూరుకు మారాము. దూరం 120 కిలోమీటర్లే అయినా ఖర్చు విషయంలో అది వేరే లోకం. మదనపల్లెలో 9,000 రూపాయల బాడుగకు మేడ మీద విశాలమైన ఇంట్లో ఉన్న మాకు, బనశంకరిలో రెండు పడక గదుల ఇల్లు 32,000కు దొరికింది. దానిపైన నెలకు 3,500 మెయింటెనెన్స్. ఇంటి యజమాని పది నెలల అడ్వాన్స్ అడిగారు. రెండుసార్లు మాట్లాడిన తరువాత ఆరు నెలలకు ఒప్పుకున్నారు. అంటే తాళం చెవి చేతికి రాకముందే 1,92,000 రూపాయలు కట్టాము. ఒక్క జీతంతో నెట్టుకురావడం కుదరదని మొదటి నెలలోనే అర్థమైంది.

నాకు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో తొమ్మిదేళ్ల అనుభవం ఉంది. సెప్టెంబరు రెండో వారానికి మూడు ఆఫర్లు వచ్చాయి. ఒకటి వైట్‌ఫీల్డ్‌లో, ఒకటి ఎలక్ట్రానిక్ సిటీలో, మూడోది బెళ్ళందూరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు మీద. ఏది తీసుకోవాలో తేల్చుకోవడానికి నాకు ఎక్కువగా తోడ్పడినది నమ్మ మెట్రో. ఉద్యోగంలో చేరకముందే రెండు వారాలపాటు ఆఫీసు వేళల్లో ఆ రైళ్లలో తిరిగి చూశాను. కొత్తగా ఈ నగరానికి వచ్చి ఇదే సందిగ్ధంలో ఉన్న తెలుగువారికి పనికొస్తుందన్న ఆశతో ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందు జీతాల లెక్క చెప్పాలి, ఎందుకంటే అది లేకుండా మెట్రో విలువ అర్థం కాదు. వైట్‌ఫీల్డ్ సంస్థ సంవత్సరానికి 15 లక్షల సీటీసీ (ఉద్యోగి మీద సంస్థ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) ఇస్తామంది. ఎలక్ట్రానిక్ సిటీ సంస్థ 12.6 లక్షలు అంది. ఎవరికి చెప్పినా మొదటిదే తీసుకోమన్నారు. 2.4 లక్షల తేడాను ఎవరు వదులుకుంటారు? కానీ ఆ 15 లక్షల్లో 1,80,000 రూపాయలు పనితీరును బట్టి ఏడాది చివర ఇచ్చే వేరియబుల్ పే. మూల వేతనం 6 లక్షలు కాబట్టి యజమాని వాటా పీఎఫ్ 72,000, గ్రాట్యుటీ కింద చూపిన 28,860 కూడా సీటీసీలోనే కలిసి ఉన్నాయి. గ్రాట్యుటీ అయిదేళ్లు నిండితే గాని చేతికి రాదు. ఇవన్నీ తీసేసి, నా వాటా పీఎఫ్‌ను, కర్ణాటకలో ఏడాదికి 2,500 రూపాయలు పట్టుకునే వృత్తి పన్నును కూడా తీసేస్తే నెలకు చేతికొచ్చేది సుమారు 95,400 రూపాయలు. రెండో సంస్థలో వేరియబుల్ పే అసలు లేదు. మూల వేతనం 5,04,000. అదే పద్ధతిలో లెక్కవేస్తే నెలకు 92,700 వస్తుంది. అంటే నెలజీతంలో అసలు తేడా 2,700 రూపాయలు మాత్రమే.

పన్ను కూడా చూడాలి. 2025–26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో 75,000 రూపాయల స్టాండర్డ్ డిడక్షన్ పోగా 12 లక్షల వరకు ఆదాయానికి రిబేటు వల్ల పన్ను పడదు. పూర్తి ఏడాదికి లెక్కిస్తే రెండు జీతాలూ ఆ గీతకు లోపలే ఉన్నాయి. అయితే వేరియబుల్ మొత్తం పూర్తిగా ఇచ్చిన ఏడాది మొదటి జీతం గీత దాటుతుంది, అప్పుడు సెస్సుతో కలిపి దాదాపు 82,000 పన్ను పడుతుంది. కాబట్టి 1,80,000లో మిగిలేది 98,000. అది తక్కువ మొత్తమని నేను అనను, మాలాంటి కుటుంబానికి అది మూడు నెలల ఇంటి బాడుగ. కాకపోతే అది వస్తుందో రాదో తెలియని డబ్బు, బాడుగ మాత్రం ప్రతి నెలా అయిదో తేదీకి కట్టాల్సిందే.

కాగితం మీద లెక్క ఇక్కడికి వచ్చి ఆగిపోయింది. తక్కిన సగం లెక్క రైలెక్కితే గాని తేలలేదు.

మా ఇంటి నుంచి బనశంకరి స్టేషన్‌కు ఎనిమిది నిమిషాల నడక. అది గ్రీన్ లైన్ మీద ఉంది. వైట్‌ఫీల్డ్ వెళ్లాలంటే ఆ లైనులో మెజెస్టిక్ దాకా వెళ్లి, అక్కడ చల్లఘట్ట నుంచి వైట్‌ఫీల్డ్ దాకా 43 కిలోమీటర్లకు పైగా సాగే పర్పుల్ లైనుకు మారాలి. ఒక మంగళవారం ఉదయం 8.10కి ఇంట్లోంచి బయలుదేరాను. బనశంకరిలో నిలబడటానికి చోటు దొరికింది. నేషనల్ కాలేజీ దాటి రైలు భూగర్భంలోకి దిగేసరికి ఊపిరి సలపనంత జనం. మెజెస్టిక్‌లో అందరూ ఒక్కసారిగా దిగి ఎస్కలేటర్ల వైపు కదులుతారు. భద్రతా సిబ్బంది కట్టిన తాళ్ల వెంట నడిచి, పర్పుల్ లైను ప్లాట్‌ఫారం మీద గీసిన గీతల్లో వరుసగా నిలబడ్డాము. మొదటి రైలు ఎక్కలేకపోయాను, రెండోది ఎక్కాను. ఇందిరానగర్‌లో కొందరు దిగారు. కె.ఆర్.పుర దగ్గర రింగ్ రోడ్డు ఆఫీసులకు పోయేవారు దిగినా వాళ్ల స్థానంలో అంతమందీ ఎక్కారు. కుందలహళ్లి వచ్చాకే నాకు కూర్చునే చోటు దొరికింది, అప్పటికి నేను దిగాల్సిన పట్టందూరు అగ్రహారం చాలా దగ్గర. అక్కడి నుంచి ఆఫీసు ద్వారం దాకా నడిచి గడియారం చూసుకుంటే 9.55 అయింది. గంటా నలభై అయిదు నిమిషాలు. గురువారం మళ్లీ వెళ్లాను, నాలుగు నిమిషాలు తక్కువ పట్టింది.

మరుసటి వారం ఎలక్ట్రానిక్ సిటీకి వెళ్లి చూశాను. బనశంకరి నుంచి ఒక్క స్టేషన్ దూరంలో ఆర్.వి.రోడ్డు. అక్కడ యెల్లో లైనుకు మారాలి. 2025 ఆగస్టు 10న ప్రారంభమైన ఈ లైను ఆర్.వి.రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా 16 స్టేషన్లతో 19.15 కిలోమీటర్లు సాగుతుంది. మొదట్లో మూడు రైళ్లే ఉండటంతో 25 నిమిషాలకొకటి నడిచేది. ఆ తరువాత రైళ్లు చేరేకొద్దీ ఆ ఎదురుచూపు తగ్గుతూ వచ్చింది. నేను పరీక్షించిన రోజుల్లో మాత్రం ఒక రైలు తప్పితే ఇరవై నిమిషాల దాకా ప్లాట్‌ఫారం మీద నిలబడవలసిందే. అందుకే రైలు వచ్చే వేళలను ఒక కాగితం మీద రాసుకుని, దానికి తగ్గట్టు ఇంట్లోంచి బయలుదేరే సమయాన్ని సరిచూసుకున్నాను. అలా చూసుకున్న రోజున ఇంటి గడప నుంచి ఆఫీసు గడప దాకా 55 నిమిషాలు, చూసుకోని రోజున గంటా పది నిమిషాలు పట్టింది.

ఈ లైనులో రాగిగుడ్డ నుంచి సెంట్రల్ సిల్క్ బోర్డ్ దాకా కింద రోడ్డు, దాని మీద ఫ్లైఓవర్, ఆ పైన మెట్రో ఉంటాయి. బీటీఎం లేఅవుట్ దాటాక కిటికీలోంచి కిందికి చూస్తే సిల్క్ బోర్డ్ కూడలిలో ద్విచక్ర వాహనాలు, కంపెనీ బస్సులు, ఆటోలు ఒకదానికొకటి ఆనుకుని కదలకుండా నిలిచిపోయి కనిపించాయి. హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకుని, స్కూటర్ మీదే టిఫిన్ డబ్బా తెరిచి తింటున్న ఒకామెను చూశాను. మా రైలు ఆమెను దాటి బొమ్మనహళ్లి చేరడానికి పట్టింది రెండు మూడు నిమిషాలే. ఆ దృశ్యం చూశాక మూడో ఆఫర్ గురించి నేను ఎక్కువగా ఆలోచించలేదు. బెళ్ళందూరుకు ఆ కూడలి మీదుగానే వెళ్లాలి. సిల్క్ బోర్డ్ నుంచి కె.ఆర్.పుర వైపు వేస్తున్న బ్లూ లైను పనులు అప్పటికి ఇంకా జరుగుతూనే ఉన్నాయి. రాబోయే రైలును నమ్ముకుని ఇప్పటి ఉద్యోగం ఒప్పుకోవడం నాకు సరైన పనిగా అనిపించలేదు.

ఇప్పుడు రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టాను. వైట్‌ఫీల్డ్ ఉద్యోగానికి రోజుకు మూడున్నర గంటలు, ఎలక్ట్రానిక్ సిటీ ఉద్యోగానికి గంటా యాభై నిమిషాలు. తేడా గంటా నలభై నిమిషాలు. నెలకు 22 పనిదినాలకు అది దాదాపు 37 గంటలవుతుంది. నెలకు 2,700 రూపాయల తేడాను ఆ గంటలతో భాగిస్తే గంటకు 73 రూపాయలు. వేరియబుల్ పే మొత్తం వచ్చిందనుకున్నా పన్ను పోగా గంటకు 300 దాటదు. 2025 ఫిబ్రవరిలో చార్జీలు పెంచిన తరువాత మెట్రోలో గరిష్ఠ టికెట్ 60 నుంచి 90 రూపాయలైంది. బనశంకరి నుంచి వైట్‌ఫీల్డ్ వైపు ఆ గరిష్ఠ చార్జీయే పడుతుంది కనుక రానుపోను 180, నెలకు 3,960 రూపాయలు. స్మార్ట్ కార్డు మీద ఇచ్చే 5 శాతం తగ్గింపు తీసేసినా అది ఎలక్ట్రానిక్ సిటీ దారి ఖర్చు కంటే ఎక్కువే, కాబట్టి నెలజీతంలో ఉన్న తేడాలో కొంత దారి ఖర్చుకే పోతుంది. మా అయిదేళ్ల పాపను చూసుకునే డే కేర్ సాయంత్రం ఏడింటికి మూసేస్తారు. వైట్‌ఫీల్డ్ నుంచి ఆరింటికి బయలుదేరితే ఆ వేళకు చేరలేను.

వారానికి మూడు రోజులు ఇంటి నుంచే పని అని వైట్‌ఫీల్డ్ సంస్థ హెచ్‌ఆర్ ఫోన్‌లో చెప్పారు. ఆ మాట నిజమైతే నా లెక్క పూర్తిగా మారిపోయేది. అందుకని దాన్ని ఆఫర్ లెటర్‌లో ఒక వాక్యంగా చేర్చమని మర్యాదగా మెయిల్ రాశాను. నాలుగు రోజుల తరువాత, వ్యాపార అవసరాలను బట్టి నిర్ణయిస్తామని మాత్రమే జవాబు వచ్చింది. ఫోన్‌లో చెప్పిన మాటను కాగితం మీద పెట్టడానికి వెనకాడిన చోట ఆ మాట ఎన్నాళ్లు నిలుస్తుందో నాకు నమ్మకం కలగలేదు. ఇల్లే వైట్‌ఫీల్డ్‌కు మార్చవచ్చు కదా అని మా ఆడపడుచు అడిగారు. అప్పుడు మా వారు జయనగర్‌కు ఎదురు ప్రయాణం చేయాలి, పైగా మళ్లీ అడ్వాన్స్, ప్యాకర్లు, పాప బడి అన్నీ మొదటి నుంచి మొదలవుతాయి.

మెట్రో సేవ గురించి విడిగా నాలుగు మాటలు. పరిశుభ్రతకు, సమయపాలనకు నేను పూర్తి మార్కులు ఇస్తాను. రెండు వారాల్లో ఏ రైలూ నన్ను దారిలో నిలిపివేయలేదు. వాట్సాప్‌లో క్యూఆర్ టికెట్ తీసుకునే సౌకర్యం ఉంది గానీ రోజూ వెళ్లేవారికి కార్డే మేలు. ప్రకటనలు కన్నడంలో, ఇంగ్లీషులో ఉంటాయి. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు కావడం వల్ల స్టేషన్ పేర్లు చదవడానికి నాకు రెండు రోజులు కూడా పట్టలేదు. ‘ముందిన నిల్దాణ’ అంటే తరువాతి స్టేషన్ అని మా పాప కూడా నేర్చేసుకుంది. మన ఊళ్ల నుంచి రాత్రి బస్సుల్లో వచ్చేవారికి ఒక సంగతి చెప్పాలి: సోమవారాల్లో పర్పుల్, గ్రీన్ లైన్లలో మొదటి రైళ్లు తెల్లవారుజామున 4.15కే బయలుదేరతాయి, తక్కిన పనిదినాల్లో అయిదింటికి. చిత్తూరు, కోలారు మీదుగా వచ్చే బస్సులు కె.ఆర్.పుర దగ్గర ఆగితే అక్కడే దిగి పర్పుల్ లైను ఎక్కవచ్చు. సోమవారం ఉదయం ఆటోవారితో బేరమాడే శ్రమ తప్పుతుంది. ఆదివారం మాత్రం ఏడింటి దాకా రైళ్లు ఉండవు.

లోపాలు కూడా ఉన్నాయి. చార్జీలు సామాన్యుడికి బరువే. ఇంట్లో ఇద్దరు రోజూ ప్రయాణిస్తే ద్విచక్ర వాహనం పెట్రోలు ఖర్చు కంటే టికెట్ల ఖర్చే పెరుగుతుంది. చాలా స్టేషన్ల నుంచి ఆఫీసుల దాకా చివరి కిలోమీటరు ఇంకా కష్టంగానే ఉంది. ఎలక్ట్రానిక్ సిటీ స్టేషన్ దిగాక మా ఆఫీసు దాకా కాలిబాట రెండు చోట్ల విరిగిపోయింది. ఒకచోట తవ్వి వదిలేసిన గుంతను చుట్టి రోడ్డు మీదికి దిగి నడవాలి. వాన రోజున అది ప్రమాదం. మెజెస్టిక్‌లో ఉదయం తొమ్మిది గంటల రద్దీ గర్భిణులకు, వృద్ధులకు తగినది కాదు. ఈ కారణాలవల్ల అయిదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. వైట్‌ఫీల్డ్ వైపు రోజూ వెళ్లవలసి ఉంటే ఇంకొకటి తగ్గించేదాన్ని.

మీ చేతిలో ఇప్పుడు రెండు ఆఫర్లు ఉంటే, సంతకం చేయకముందే కనీసం రెండు పనిదినాలు, ఉదయం ఎనిమిదిన్నరకూ సాయంత్రం ఆరింటికీ, ఆఫీసు గేటు దాకా వెళ్లి రండి. సాయంత్రం ప్రయాణాన్ని తప్పక చూడండి. ఉదయం ఉన్న ఓపిక అప్పుడు ఉండదు, నిలబడి వచ్చే దారి మరింత పొడవుగా అనిపిస్తుంది.

అక్టోబరు 6న నేను ఎలక్ట్రానిక్ సిటీ ఉద్యోగంలో చేరాను. మొదటి రోజు సాయంత్రం 5.40కి ఆఫీసులోంచి బయటపడి, 6.40కి డే కేర్ గేటు దగ్గర నిలబడ్డాను. పాప చెప్పులు వేసుకుంటూ, ఇవాళ ఎన్ని స్టేషన్లు దాటావమ్మా అని అడిగింది. ఇద్దరం వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ ఇంటికి నడిచాము.