వాటర్ పార్క్ టికెట్ కొనేముందు జాగ్రత్త: ధర పెరిగిన రోజునే లోపల దక్కేది తగ్గుతుంది

సెలవుల్లో పిల్లల్ని వాటర్ పార్కుకి తీసుకెళ్దామనుకునేవాళ్ళు డబ్బు కట్టే బటన్ నొక్కేముందు ఇది ఒకసారి చదవండి. పోయిన ఆదివారం మేం ఏడుగురం వెళ్ళి దెబ్బతిని వచ్చాం. పార్కు పేరు రాయడం లేదు. మాకు జరిగినదాన్ని బట్టి చూస్తే పేరు కంటే పద్ధతి తెలుసుకోవడమే మీకు ఎక్కువ పనికొస్తుంది.

సోమవారం రాత్రి వెబ్‌సైట్‌లో ఆదివారం టికెట్ ధర చూశాను. బావగారి కుటుంబం కూడా వస్తారేమో అడిగి కొందామని ఆగాను. వాళ్ళు సరే అనేసరికి బుధవారం అయింది, ధర పెరిగింది. ఎవరి టికెట్లు ఎవరు కొనాలన్న మొహమాటాలు తేలేసరికి శుక్రవారం రాత్రి, ధర మళ్ళీ పెరిగింది. ఈసారి దాని కింద ఎర్ర అక్షరాలతో ‘కొన్ని టికెట్లే మిగిలాయి’ అని ఉంది. పక్కనే పది నిమిషాల నుంచి వెనక్కి నడిచే గడియారం. దాన్ని చూస్తూ ఎవరు మాత్రం నిదానంగా ఆలోచిస్తారు? టెన్షన్‌లో ఏడు టికెట్లూ కొనేశాను. రిఫండ్ లేదు, తేదీ మార్పు లేదు అన్న నిబంధనలకు టిక్ కూడా నేనే పెట్టాను, చదవకుండా. చివరి పేజీలో బుకింగ్ ఫీజు, పన్ను, వాళ్ళే ముందుగా టిక్ పెట్టి ఉంచిన లాకర్ అద్దె వచ్చి చేరాయి. మొదటి పేజీలో చూసిన మొత్తానికీ, కార్డులోంచి పోయిన మొత్తానికీ తేడా ఒక పిల్లల టికెట్టంత ఉంది.

ఆదివారం గేటు దగ్గర రిస్ట్ బ్యాండ్ల కోసం క్యూలో నిలబడితే పక్క కౌంటర్‌లో అదే రోజు టికెట్లు అమ్ముతున్నారు. మధ్యాహ్నం లాకర్ దగ్గరికి వచ్చినప్పుడు చూశాను, అప్పుడూ అమ్ముతున్నారు. శుక్రవారం రాత్రి ‘మిగిలిన’ ఆ కొన్ని టికెట్లు ఆదివారం మధ్యాహ్నానికి కూడా అయిపోలేదన్నమాట. ఆ మాట ఆ ధరకి కేటాయించిన టికెట్ల గురించే అయివుండొచ్చు, వాదించలేను. కానీ చదివేవాడికి అలా అర్థం కాదని రాసినవాళ్ళకి తెలియదా?

పార్కు థీమ్ సముద్రపు దొంగల దీవి. గేటు దగ్గర కంటికి నల్ల పట్టీ కట్టుకున్న కుర్రాడు మా అమ్మాయిని గోడ మీది గీత పక్కన నిలబెట్టాడు. పిల్లల టికెట్ ఆ గీత వరకే. చెప్పులు విప్పించి మళ్ళీ కొలిపించాం. అయినా వేలెడు ఎక్కువే ఉంది. ‘పెద్దల టికెట్టేనండీ’ అన్నాడు. తేడా కూడా ఆ రోజు నడుస్తున్న ధరకే కట్టాలట, నేను కొన్న ధరకి కాదు. కట్టి లోపలికి వెళ్ళాక అసలు సంగతి బయటపడింది. పెద్ద స్లైడ్లకి 48 అంగుళాలు, అంటే 122 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. చాలా పార్కుల్లో కనిపించే కొలతే ఇది, భద్రత కోసం పెట్టింది, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ మా అమ్మాయి టికెట్ గీత దాటింది, స్లైడ్ గీత దాటలేదు. డబ్బు దగ్గర పెద్దమనిషి, మెట్ల దగ్గర చిన్నపిల్ల. ఈ రెండు గీతల మధ్య ఎత్తున్న పిల్లలు మీ ఇంట్లో ఉంటే వెళ్ళేముందే లెక్క చూసుకోండి.

ఇక అసలు విషయం. ఇంకే వస్తువైనా ధర పెరిగితే, ఎక్కువ డబ్బు పెట్టినా అదే వస్తువు చేతికొస్తుంది. వాటర్ పార్కులో అలా కాదు. జనం ఎక్కువ వస్తారనుకున్న రోజుకే ధర పెంచుతారు, ఆ జనం వల్లే మీకు దక్కే రైడ్లు తగ్గుతాయి. మనం కొనేది గేటు లోపలికి అడుగుపెట్టే హక్కు ఒక్కటే. ఎన్నిసార్లు జారతామన్నదానికి ఎవరి పూచీ లేదు.

నలుగురు కూర్చునే రబ్బరు తెప్ప స్లైడ్ ఒకటుంది, అందరూ దానికోసమే వస్తారు. బోర్డు మీద ‘వెయిటింగ్ 60 నిమిషాలు’ అని మార్కర్‌తో రాసి ఉంది. మెట్ల మీద నిలబడి చేసేదేమీ లేక లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ముప్పావు నిమిషానికి ఒక తెప్ప కదులుతోంది. ముందు తెప్ప కింద నీళ్ళలోంచి పూర్తిగా పక్కకి తప్పుకున్నాక, లైఫ్‌గార్డ్ చెయ్యి ఊపాకే పైవాడు ఇంకోదాన్ని వదలాలి. అలాగే చెయ్యాలి కూడా, తొందరపడితే ఒకరి మీద ఒకరు పడతారు. అంటే గంటకి 80 తెప్పలు. నిండుగా కూర్చుంటే 320 మంది, కానీ ఎవరి కుటుంబం వాళ్ళే ఎక్కుతారు కాబట్టి సగటున ముగ్గురే కనిపించారు. అంటే 240. అందులో ఫాస్ట్ పాస్ వరుస నుంచి, అంటే విడిగా డబ్బు కట్టి ముందుగా వెళ్ళేవాళ్ళ వరుస నుంచి, రెండు తెప్పలు వదిలితే మా వరుస నుంచి ఒకటి. మాకు మిగిలింది గంటకి 80 మంది. మా ముందు 130 మంది దాకా ఉన్నారు.

గంటా నలభై నిమిషాలు పట్టింది. తడి బట్టలతో అంత ఎత్తున గాలికి మా అబ్బాయి పళ్ళు టకటకలాడాయి, వేళ్ళ చివర్లు ముడతలు పడి తెల్లగా పాలిపోయాయి. జారడం అర నిమిషం. కింద నీళ్ళలో తేలాక వాడు నా మొహంలోకి చూసి ‘అయిపోయిందా?’ అన్నాడు.

గేటు దగ్గర ఎంతమంది పెరిగినా ఆ స్లైడ్ గంటకి మోసేది పెరగదు. పార్కు సామర్థ్యం అని వాళ్ళు చెప్పే అంకెలో వేవ్ పూల్‌లో నిలబడేవాళ్ళు, లేజీ రివర్‌లో తేలేవాళ్ళు, నీడలో కూర్చునేవాళ్ళు, క్యూలో ఉన్నవాళ్ళు, అందరూ కలిసే ఉంటారు. ‘ఇంకా ఖాళీ ఉంది’ అంటే నిలబడడానికి చోటుందని అర్థం. వేవ్ పూల్‌లో ఇసుక వేస్తే రాలనంత జనం. లేజీ రివర్‌లో ట్యూబులు ఒకదానికొకటి ఒరుసుకుని ఆగిపోయి, కాళ్ళతో తోసుకుంటూ పోవాల్సి వచ్చింది.

ఏడు గంటలున్నాం. నేను ఎక్కింది నాలుగు రైడ్లు. పోయిన ఏడాది ఇదే పార్కుకి మామూలు వారం మధ్యలో, ఇంత టికెట్ లేనప్పుడు, ఇంచుమించు అంతే సేపున్నాం. అప్పుడు పన్నెండు ఎక్కాను. ఈసారి టికెట్ ఒకటిన్నర రెట్లు, రైడ్లు మూడో వంతు. రైడు లెక్కన చూస్తే నాలుగున్నర రెట్లు కట్టాను. తడిసి మోపెడవడం అంటే ఏమిటో వాటర్ పార్కులోనే తెలిసిరావాలని రాసిపెట్టి ఉంది కాబోలు.

మధ్యాహ్నం బావగారు ఓపిక నశించి వాళ్ళ ముగ్గురికీ ఫాస్ట్ పాస్‌లు కొన్నారు. అక్కడా కనిపించని మెలిక ఉంది. ఒక్కో స్లైడ్‌కి ఒక్కసారే పనిచేస్తుంది, రెండు స్లైడ్లు ఆ రోజు రిపేర్‌లో ఉన్నాయి, ఫాస్ట్ పాస్ వరుసలోనే నలభై నిమిషాలు నిలబడ్డారు. ఎన్ని పాస్‌లు అమ్ముతారో హద్దు ఉందా అని కౌంటర్‌లో అడిగితే ‘అలాంటిదేం లేదు సార్’ అని నవ్వాడు కుర్రాడు. పాపం, నిజం చెప్పాడు. పాస్ అమ్మిన ప్రతిసారీ మామూలు వరుస ఇంకాస్త నెమ్మదిస్తుంది, నెమ్మదించిన వరుసే ఇంకో పాస్ అమ్మిపెడుతుంది.

ఇదంతా మా పార్కువాళ్ళు కనిపెట్టిన తెలివి కాదు. సీటు అదే అయినా డిమాండ్‌ని బట్టి రేటు మార్చడం విమానాల కంపెనీలు 1980ల నాటికే మొదలుపెట్టాయి. అమెరికాలో డిస్నీ పార్కులు ఒక్కరోజు టికెట్‌కి రోజును బట్టి వేరు వేరు ధరలు పెట్టింది 2016లో. అక్కడే 1999లో వచ్చిన ఫాస్ట్‌పాస్ ఉచితం, 2021లో దాని స్థానంలో వచ్చినదానికి డబ్బు కట్టాల్సి వచ్చింది. 2017లో ఓర్లాండోలో తెరిచిన వోల్కనో బే అనే వాటర్ పార్కులో క్యూలో నిలబడకుండా చేతి బ్యాండుతో వంతు రాయించుకునే ఏర్పాటు పెట్టారు. నిలబడే బాధ తప్పుతుంది నిజమే, కానీ గంటకి ఇంతమందే అన్న లెక్క మారదు కాబట్టి రద్దీ రోజున వంతు రావడానికి ఎదురుచూపు తప్పదు. ఎదురుచూసేది నీడలోనా మెట్ల మీదా అన్నదే తేడా.

నాలుగు గంటలకి ఉరిమింది. అన్ని స్లైడ్లూ ఆపేశారు. చివరి ఉరుము వినిపించాక 30 నిమిషాలు ఆగాలన్నది చాలాచోట్ల పాటించే నియమం, మళ్ళీ ఉరిమితే లెక్క మళ్ళీ మొదటికి. సరైన పనే, దానికి నేనేమీ అనను. గోరుచుట్టు మీద రోకలిపోటేమిటంటే, రోజులో కొంతసేపు రైడ్లు నడిచాయి కాబట్టి ఒక్క పైసా వెనక్కి రాదట. నేను టిక్ పెట్టిన నిబంధనల్లో అదీ ఉంది. కొన్ని పార్కులు ఇలాంటప్పుడు ఇంకో రోజు రమ్మని పాస్ ఇస్తాయి. కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. రెండోది, ఆ రోజు ఏ స్లైడ్లు మూసి ఉంటాయి. ఫోన్‌లో అడిగితే మాటలు గాల్లో పోతాయి, ఈమెయిల్‌లోనో చాట్‌లోనో అడిగి జవాబు దాచుకోండి. ధర చూసిన ప్రతిసారీ స్క్రీన్‌షాట్ తీసుకోండి. నా దగ్గర సోమవారంది లేదు, అందుకే ఫిర్యాదులో అది రాయలేకపోయాను.

నీళ్ళ సంగతి కూడా చెప్పాలి. సాయంత్రానికి పిల్లలిద్దరి కళ్ళూ ఎర్రబడ్డాయి. ముక్కుకి ఘాటుగా తగిలే ఆ వాసనని మనం ‘క్లోరిన్ బాగా వేశారు’ అనుకుంటాం. నిజానికి ఆ వాసన క్లోరిన్ మన చెమటతో, మూత్రంతో కలిసినప్పుడు పుట్టే క్లోరమైన్లది. కళ్ళు మండించేదీ అదే. జనం పెరిగేకొద్దీ నీళ్ళని శుభ్రంగా ఉంచాల్సిన క్లోరిన్ ఇలా ఖర్చయిపోతూ ఉంటుంది. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి అయితే సరిగ్గా క్లోరిన్ వేసిన నీళ్ళలో కూడా వారం పైన బతకగలదు, విరేచనాలు తెప్పిస్తుంది. పిల్లలకి నీళ్ళు మింగొద్దని మరీ మరీ చెప్పండి. ఈమధ్య విరేచనాలైన పిల్లల్ని, టికెట్ డబ్బులు పోతాయని మాత్రం తీసుకెళ్ళకండి.

లాకర్ డిపాజిట్ వెనక్కి తీసుకోవడానికి కూడా ఇంకో క్యూ ఉంది. ఐదున్నర దాటాక పార్కులో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారే అక్కడికొచ్చారు. కొందరు విసిగిపోయి డిపాజిట్ వదిలేసి వెళ్ళిపోవడం కళ్ళారా చూశాను. మేం వదల్లేదు, అప్పటికే పంతం వచ్చేసింది.

మర్నాడు కస్టమర్ కేర్‌కి రాశాను. ‘మీరు నిబంధనలను అంగీకరించారు’ అని ఒక్క వాక్యంలో జవాబొచ్చింది. గీత దగ్గర వసూలు చేసిన తేడా గురించి మళ్ళీ రాశాను. అది ‘పరిశీలనలో’ ఉంది.

న్యాయంగా చెప్పాలంటే లైఫ్‌గార్డులు చాలా బాగా పనిచేశారు. ఓడ పైనున్న పెద్ద బకెట్ నిండి గంట మోగగానే పిల్లలందరూ కేకలు వేస్తూ కిందికి పరుగెత్తడం, అది ఒక్కసారిగా బోర్లాపడడం, దానికి క్యూ లేదు, ఎత్తు గీతా లేదు. మా అమ్మాయి మధ్యాహ్నమంతా అక్కడే గడిపింది.

పిల్లలిద్దరూ మళ్ళీ ఎప్పుడు అని అడుగుతున్నారు. బడి లేని మంగళవారం ఒకటి దొరికింది, ధర పోయిన ఏడాదికి దగ్గరగానే ఉంది, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను. నిన్న రాత్రి మా అమ్మాయిని తలుపు పక్కన నిలబెట్టి టేపుతో కొలిచాను. స్లైడ్ గీతకి ఇంకా రెండు సెంటీమీటర్లు తక్కువే ఉంది.