గవర్నమెంట్ ఆస్పత్రిలో హెచ్ఐవీ టెస్ట్ సెంటర్ (ఐసీటీసీ): 4/5

ఇలాంటి చోటుకి ఎవరూ రివ్యూ రాయరు, అందుకే రాస్తున్నా. ఆస్పత్రి పేరు చెప్పను, మన ప్రకాశం జిల్లాదే. మా రూమ్మేట్‌ని అడిగే రాస్తున్నాలే.

వాడు ఒకమ్మాయితో కండోమ్ లేకుండా ఒకసారి కలిసొచ్చి ఆ తర్వాత తిండి మానేసి యూట్యూబ్‌లో లక్షణాలు చూసుకుంటా కూర్చున్నాడు, గొంతు గరగరమన్నా హెచ్ఐవీయే, ఒళ్ళు వెచ్చబడినా హెచ్ఐవీయే. వారం తిరక్కుండానే ఏదో ప్రైవేట్ ల్యాబ్‌కి పోతే డబ్బులు తీసుకుని నెగెటివ్ అని వాట్సాప్‌లో పంపారు, ఎప్పుడు జరిగింది బాబూ అని ఒక్క మాట అడగలా. వీడు మాకు బిర్యానీ కూడా పెట్టించాడు.

ఐసీటీసీకి నేనే లాక్కెళ్ళా. టెస్ట్ ఫ్రీ. కానీ నాలుగు స్టార్లు ఇచ్చింది కౌన్సిలర్ మేడమ్‌కి. నన్ను బయటికి పంపి తలుపేసి మాట్లాడింది, క్లాస్ పీకలేదంట. అంత తొందరగా చేస్తే రక్తంలో యాంటీబాడీలు (వైరస్ మీద ఒళ్ళు తయారుచేసుకునేవి) దొరక్కపోవచ్చు, ఆ రిపోర్ట్ చూసి నిశ్చింతగా ఉండొద్దు, ఇప్పుడొకసారి చేద్దాం, మూడు నెలలు నిండాక మళ్ళీ రా, అప్పటిదాకా కండోమ్ లేకుండా వద్దు అంది. 72 గంటల్లోపు వచ్చుంటే డాక్టర్ చూసి అవసరమనుకుంటే పెప్ అని, వైరస్ అంటుకోకుండా ఆపడానికి 28 రోజులు వేసుకునే మందులు ఉంటాయంట, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిదంట. ఈ ముక్క మా హాస్టల్లో ఎవడికీ తెలీదు. ఐ-పిల్ వేస్తే అయిపోద్ది అనుకునే బ్యాచ్ మాది, అది గర్భానికే గానీ రోగాలకి కాదు కదా. సిఫిలిస్‌కి కూడా టెస్ట్ చేశారు, ఆ అమ్మాయిని కూడా రమ్మని చెప్పు అన్నారు. ఇంట్లోవాళ్ళకి, కాలేజీకి చెప్పరు, 2017 హెచ్ఐవీ చట్టం ప్రకారం మన అనుమతి లేకుండా టెస్టే చెయ్యకూడదు. ఒకవేళ పాజిటివ్ వచ్చినా వేరే కిట్లతో మళ్ళీ చూసిగానీ ఖాయం చెయ్యరు, మందులు ఫ్రీ, రోజూ వేసుకుని వైరస్ టెస్ట్‌లో కనపడనంతగా తగ్గి అలాగే ఉంటే కలయిక ద్వారా అంటదు కూడా.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే, బోర్డు అంత లావు అక్షరాలతో సరిగ్గా ఓపీ లైన్ ఎదురుగా ఉంది, షుగర్ మాత్రలకొచ్చిన మన ఊరి పిన్ని అక్కడే నిలబడుంటే లోపలికి ఎట్టా పోతాడు ఎవడైనా? నిరోధ్ (ఫ్రీ కండోమ్‌ల) డబ్బా కూడా అందరూ చూసే చోటే పెట్టారు, నిండుగా అట్టాగే ఉంది. బాత్రూమ్ పక్కన పెట్టి చూడండి, సాయంత్రానికి ఖాళీ.

ఎయిడ్స్ గురించి చెప్పాల్సిన మా కాలేజీ రెడ్ రిబ్బన్ క్లబ్ వాళ్ళు ఎయిడ్స్ డే అని డిసెంబర్ 1న ర్యాలీ చేసి ఫొటోలు దిగారు, టెస్ట్ ఎక్కడ చేస్తారో మాత్రం ఎవరూ చెప్పలా. వెళ్ళడానికి మొహమాటమైతే హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చెయ్యండి, ఫ్రీ. వెళ్తే మాత్రం పొద్దున్నే పోండి, భోజనాల టైమ్ దాటితే ల్యాబ్ అతను దొరకడం కష్టం.