మలేరియా ఆర్డీటీ కిట్: గీత పడినంత మాత్రాన…

కరెంటూ మైక్రోస్కోపూ లేని ఏజెన్సీ గూడెంలో, జ్వరంతో వచ్చిన మనిషిది ఫాల్సిపారమ్ రకం మలేరియానా, వైవాక్స్ రకమా అని ఇరవై నిమిషాల్లో తేల్చడానికి, రెంటినీ పట్టే బైవేలెంట్ ఆర్డీటీ (రక్తపు బొట్టుతో అక్కడికక్కడే చేసే పరీక్ష) కిట్‌ను మించింది లేదు. ఏళ్ల తరబడి వాడాక తెలిసిందేమిటంటే, కిట్ చేసే తప్పులకన్నా మనం చేసేవే ఎక్కువ.

అవి రక్తం దగ్గరే మొదలవుతాయి. కావాల్సింది 5 మైక్రోలీటర్లు, అంటే ఆవగింజకన్నా కాస్త పెద్ద బొట్టు. ఎక్కువ వేస్తే గీతలు పడే పట్టీ అంతా ఎర్రబారి, సన్నటి గీత అందులో కలిసిపోతుంది. స్పిరిట్ ఆరకముందే వేలు గుచ్చితే బొట్టు నిలవదు, పరచుకుపోతుంది. రక్తం తీసే సాధనాల్లో బోర్లించిన బుల్లి కప్పులాంటిది చేతికి బాగా ఒదుగుతుంది. సన్నటి గొట్టమైతే ఏడ్చే పిల్లల దగ్గర బుడగ లేకుండా నింపడం గగనమే.

బఫర్ (రక్తాన్ని పట్టీ మీద పాకించే ద్రవం) ఎన్ని చుక్కలన్నది కిట్‌ను బట్టి మారుతుంది, పెట్టెలో కాగితం చూసుకోవాలి. సీసాను నిటారుగా పట్టుకోవాలి. బఫర్ అయిపోయిందని సెలైనో నీళ్లో పోశారా, లేని మలేరియా పుట్టుకొస్తుంది. వేరే కిట్ సీసా కూడా వద్దు.

కంట్రోల్ గీత పడింది కదా అని నిశ్చింతగా ఉండేవాళ్లున్నారు. రక్తం వేయడం మరిచి బఫర్ ఒక్కటే పోసినా ఆ గీత పడుతుంది! ద్రవం పట్టీ మీద పాకిందనడానికే అది గుర్తు. అది పడకపోతే మాత్రం ఆ క్యాసెట్ (పట్టీ ఉన్న ప్లాస్టిక్ బిళ్ల) పారేసి ఇంకోటి తీయాలి. మలేరియాను చూపే టెస్ట్ గీత ఎంత లేతగా ఉన్నా పాజిటివే, కాబట్టి మంచి వెలుతురులో చూడాలి. అరగంట దాటాక మొలిచినదాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

పౌచ్ చింపగానే వాడేయాలి. లోపలి సిలికా పొట్లం రంగు మారి ఉంటే ఆ కిట్ పనికిరాదు. ఎండాకాలం రేకుల గదిలో పెట్టెలు ఉంచితే ముందు దెబ్బతినేది సాధారణంగా వైవాక్స్ గీతే.

అసలు లోపం వేరే ఉంది. ఫాల్సిపారమ్ గీత పట్టేది హెచ్‌ఆర్‌పీ2 అనే ప్రొటీన్‌ను. పరాన్నజీవి చచ్చాక కూడా అది వారాల తరబడి రక్తంలో ఉంటుంది. అందుకే మందు పనిచేసిందా లేదా చూడాలంటే మైక్రోస్కోపు కింద చూసే రక్తపు స్లైడ్ తీయాల్సిందే. నెల లోపల ఫాల్సిపారమ్ మందు వాడారేమో అడిగాకే వేలు పట్టుకోవాలి. ఆ ప్రొటీన్ జన్యువే లేని ఫాల్సిపారమ్ రకాలు ఈ కిట్‌కు చిక్కవు. ఎరిట్రియాలో ఆ బెడద వల్లే 2016లో హెచ్‌ఆర్‌పీ2 కిట్లను మార్చేశారు.

పరాన్నజీవులు మరీ తక్కువున్నా గీత పడదు. నెగెటివ్ వచ్చి చలిజ్వరం ఆగకపోతే మర్నాడు మళ్లీ చేయండి, దాంతోపాటే స్లైడూ తీసి పీహెచ్‌సీకి పంపండి.